లిస్టులో రాని లిఫ్టు

మా వదినకి కక్ష ఎక్కువ. ఆడపడుచు నోరు ఇలాగే అంటుందిలే అనుకోకండి, ఎదురుగా అడిగినా ఆవిడ కాదనదు. పెళ్ళయిన కొత్తలో ఒక బట్టల కొట్టువాడు నలుగురి ముందూ ఎగతాళిగా మాట్లాడాడని, ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో అడుగు పెట్టలేదు. చుట్టు తిరిగి వెళ్తుంది. మోకాళ్ళు పీకుతున్నాయంటుంది గానీ దారి మార్చదు. అలాంటి మనిషి మొగుణ్ణి పదిమందిలో అబద్ధాలకోరుని చేస్తే ఏమవుతుందో ఆ మేనేజరుకి తెలియలేదు పాపం. పాపం అన్నది అలవాటుగా వచ్చిన మాట. ఆయన మీద నాకేమీ జాలి లేదు.

మా అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో నూట అరవై లిఫ్టుల బాగోగులు చూసే కంపెనీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. అందులో నలభై లిఫ్టులు ఆయనవి. డాబాల మీది మెషిన్ రూముల్లో మోటారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బ్రేకు లైనింగు ఎంత అరిగిందో గోటితో గీరి చెప్పేవాడు. సెలవురోజు ఏ చుట్టాలింటికి వెళ్ళినా ముందు వాళ్ళ లిఫ్టు చప్పుడు వినేవాడు, తర్వాతే వాళ్ళని పలకరించేవాడు. ఆయన చేతులకి అంటిన గ్రీజు మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఇంటి తువ్వాళ్ళన్నిటి మీదా కనిపించేది.

పూర్వం వాళ్ళ ఆఫీసు గోడకి పెద్ద నల్లబల్ల ఉండేది. ఏ లిఫ్టుకి ఏడాది సర్వీసు ఏ తేదీన చేయాలో సుద్దతో రాసుండేది. తర్వాత కంప్యూటర్ సెక్షన్ వచ్చింది, బల్ల పోయింది, ఫోనులో ఒక పేజీ వచ్చింది. పొద్దున్నే పేజీ తెరిస్తే ఆ రోజు పనుల లిస్టు కనిపిస్తుంది. అందులో పనులు రెండు రకాలు. తలుపు పట్టేస్తోంది, లైటు వెలగట్లేదు అని జనం ఫోన్ చేసి చెప్పేవి ఒక రకం. అవి రోజూ కుప్పలు. గడువు వచ్చిన ఏడాది సర్వీసులు రెండో రకం. గడువు తేదీ రాగానే అవి వాటంతట అవే లిస్టులోకి ఎక్కాలి, ఎరుపు రంగులో. బల్ల ఉన్నన్నాళ్ళూ తేదీలన్నీ కళ్ళ ముందుండేవి. పేజీ వచ్చాక గుర్తుపెట్టుకునే పని దానిదే కదా అని మెకానిక్కులందరూ నిశ్చింతగా ఉన్నారు.

రెండున్నరేళ్ళ కిందట, అన్నయ్య చూసే ఒక అయిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు మూడో అంతస్తులో ఆగకుండా కిందికి జారిపోయింది. బ్రేకు లైనింగు పూర్తిగా అరిగిపోయింది. లోపల ఉన్నది ఒకావిడ, పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. తుంటి ఎముక విరిగి నాలుగు నెలలు మంచం మీద ఉన్నారు. ఆ లిఫ్టుకి ఏడాది సర్వీసు గడువు దాటి అప్పటికి నలభై ఏడు రోజులైంది.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. కంపెనీ యజమానురాలు, సర్కారు తరఫున లిఫ్టుల ఇన్‌స్పెక్టరు, ఆ బిల్డింగు సెక్రటరీ, కంప్యూటర్ సెక్షన్ మేనేజరు కూర్చున్నారు. వదినా నేనూ వరండాలో అద్దాల గోడ ఇవతల నిలబడ్డాం. తలుపు తెరిచే ఉంది. అన్నయ్య ఒక్కటే మాట చెప్పాడు: ఆ లిఫ్టు నా లిస్టులో రాలేదు. మేనేజరు చిన్నగా నవ్వి, గోడ మీది పెద్ద తెర మీద అన్నయ్య లిస్టు తెరిచాడు. మొదటి వరసలోనే ఉంది ఆ లిఫ్టు, ఎర్రగా, యాభై రెండు రోజుల ఆలస్యం అని. దాని కింద ఇంకో అయిదు లిఫ్టులు, అవీ ఎర్రగానే. బిల్డింగు సెక్రటరీ లేచి నిలబడి, తప్పు చేసినా క్షమించవచ్చు గానీ అబద్ధాలకోరుని క్షమించలేమన్నాడు. అన్నయ్య తెర వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఉద్యోగం పోయింది. లైసెన్సు మూడేళ్ళు ఆపేశారు. బయటికి వస్తూ మేనేజరు పక్కనున్న ఆయనతో, వీళ్ళకి ఫోనులో లిస్టు చూసుకోవడం చేతకాదు, మళ్ళీ సిస్టమ్ మీద పడి ఏడుస్తారు అన్నాడు. మాకు జానెడు దూరంలోంచే వెళ్ళాడు గానీ మమ్మల్ని చూడలేదు. చూసే అలవాటు ఉంటే తర్వాత ఆయనకి అంత చేటు జరిగేది కాదు. వదిన ఆ మాట విని పళ్ళు నూరుతుంటే నాకు వినిపించింది.

అన్నయ్య షట్టర్లు బాగుచేసే పనిలో కుదిరాడు. కొట్ల ముందు స్టూలు వేసుకుని స్ప్రింగులు బిగించడం. పని చిన్నదని ఆయన బాధపడలేదు. బాధ వేరే రకంగా బయటపడింది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వేశానా లేదా అని వెనక్కి వచ్చేవాడు. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు చూసేవాడు. తెర మీద తన కళ్ళతో చూసిన ఆ ఎర్ర వరసే ఆయన బుర్రలో తిరుగుతూ ఉండేది. ఉన్నదాన్నే నేను చూడలేదేమో అని ఒకసారి నాతో అన్నాడు కూడా. దేనికీ తొణకని మనిషి అలా అయిపోయాడు.

వదిన అప్పటికి ఒక ఆసుపత్రి రికార్డు రూములో టైపిస్టు. నలభై రెండేళ్ళు. ఒక ఆదివారం నా జిరాక్సు షాపుకి వచ్చి, పైథాన్ నేర్పే పుస్తకం ఒకటి, దానితో వెబ్ పేజీలు తయారుచేసే ఫ్రేమ్‌వర్కు గురించిన పుస్తకం ఇంకొకటి చేతిలో పెట్టి, రెండూ కాపీ తీసివ్వమంది. లిఫ్టు కంపెనీ వాళ్ళ పేజీ దాంతోనే చేశారట, కనుక్కుని వచ్చింది. నేను నవ్వాను. పిల్లల లెక్కలు చెప్పడానికే విసుక్కునే మనిషివి, నీకు ప్రోగ్రాములు దేనికి వదినా అన్నాను. నవ్వుకో, ముందు కాపీలు తియ్యి అంది.

పద్నాలుగు నెలలు చదివింది. డ్యూటీకి వెళ్తూ బస్సులో, వచ్చాక వంటింటి బల్ల దగ్గర, పాత లాప్‌టాప్ ముందు. తప్పు వచ్చినప్పుడల్లా ఆ మేనేజర్ని తిట్టేది, అదేదో ఆయనే దగ్గరుండి చెడగొట్టినట్టు. కొత్త విషయం బుర్రకెక్కినప్పుడూ ఆయన్నే తిట్టేది. సరస్వతీ కటాక్షం అంటారు చూడండి, మా వదినకి కలిగింది మటుకు కసి కటాక్షం. ఆ లిఫ్టు కంపెనీలో కంప్యూటర్ సెక్షన్‌కి మనిషి కావాలని ప్రకటన పడ్డప్పుడల్లా అర్జీ పెట్టింది. మూడోసారికి పిలిచారు. పుట్టింటి ఇంటిపేరుతో వెళ్ళింది. ఇంటర్వ్యూ చేసింది స్వయానా మేనేజరే. చేరాక పొద్దున్నే ఆయనకి నమస్కారం పెట్టి వచ్చేది. నీకెలా మనసొప్పుతోంది వదినా అంటే, లెక్కపెట్టుకుంటున్నానులే అనేది.

ఆ గది గురించి వదిన చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చేసింది. మూడో అంతస్తు, మూడు బల్లలు, మూలన అద్దాల బీరువాలో కంపెనీ సర్వరు. పూర్వం సాయంత్రం అందరూ వెళ్ళాక ముసలి వాచ్‌మన్ మెయిన్ స్విచ్చి కట్టేసేవాడట, లైట్లతోపాటు సర్వరూ ఆగిపోయేది. పొద్దున్న మళ్ళీ మొదలయ్యేది. విచారణకి రెండు నెలల ముందు మేనేజరు ఆ పద్ధతి మాన్పించాడు. పెద్ద బ్యాటరీలు పెట్టించి, సర్వరు ఆగకుండా నడిచేలా చేశాడు. బీరువా పక్కన తెల్లబోర్డు తగిలించి, ఆగకుండా నడిచిన రోజులు అని రాయించాడు. రోజూ టీ తాగకముందే తన చేత్తో పాత అంకె తుడిచి కొత్తది వేసేవాడు. బయటి పెద్దమనుషులెవరైనా వస్తుంటే మాత్రం పేజీలు చురుగ్గా తెరుచుకోవాలని వాళ్ళు రాకముందు సర్వరు ఒకసారి ఆపి నడిపించేవాడు. ఆ రోజు అంకె సున్నాకి పోయేది, ఆయన మొహం మాడేది.

వదిన చేరిన అయిదో నెలలో ఆ లిస్టు పేజీ పని ఆవిడ చేతికి వచ్చింది. వరసలు ఎక్కువైతే పేజీలుగా విడగొట్టమన్నారు. ఇక చూస్కోండి, పిల్లికి పాలగిన్నె దొరికినట్టే. చేయమన్న పని రెండు రోజుల్లో చేసేసి, సర్వరు ఈసారి ఆపినప్పుడు అమల్లోకి వచ్చేలా పెట్టి, మిగతా రెండు నెలలూ ఆ పేజీలో తప్పు వెతికింది. మెకానిక్కు పేరుతో వడకట్టే చోట తేడా ఉందా అని చూసింది. తేదీలు తప్పుగా నమోదవుతున్నాయా అని చూసింది. ఫోను పాత పేజీని దాచుకుని అదే చూపిస్తోందా అనీ చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆవిడ కంప్యూటరులో దొంగ లిఫ్టులు పుట్టించి గడువు తేదీ వేస్తే, ఠంచనుగా ఎర్రగా వచ్చి నిలబడేవి. ఆ రోజుల్లో ఇంటికొస్తే ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఒక శుక్రవారం అలాంటి దొంగ లిఫ్టునే ఒకటి పుట్టించి, మర్నాటి గడువు వేసి, ప్రోగ్రాము నడుస్తుండగానే ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రమే జ్వరం తగిలింది. మూడు రోజులు లేవలేదు. మంగళవారం వెళ్ళి పేజీ చూస్తే లిఫ్టు లేదు. శనివారమే రావాల్సింది రాలేదు. పదిసార్లు పేజీ మళ్ళీ తెరిచింది. లేదు. అప్పుడు కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసేసి, ఏమీ ముట్టుకోకుండా కూర్చుని ఆలోచించిందట. తర్వాత ఫైల్లో ఒక్క ఖాళీ అక్షరం కొట్టి సేవ్ చేసింది. సేవ్ చేసినప్పుడల్లా ఆవిడ కంప్యూటరులో ప్రోగ్రాము దానంతట అదే ఆగి మళ్ళీ మొదలవుతుంది. మొదలైంది. లిఫ్టు వచ్చి ఎర్రగా నిలబడింది.

నాకర్థమయ్యేలా ఆవిడ చెప్పింది ఇదీ. ఆ పేజీని ఒక క్లాసుగా రాశారు. క్లాసు పైభాగంలో రాసిన లైనుని ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతుంది. లోపల ఫంక్షన్లో రాసింది మాత్రం ఎవరు ఎప్పుడు పేజీ తెరిచినా మళ్ళీ కొత్తగా నడుస్తుంది. ఈరోజు తేదీ ఎంత, ఆ లోపు గడువు వచ్చినవేవి అని అడిగే లైను లోపల ఉండాలి. పైన ఉంది. అంటే సర్వరు మొదలైన రోజే దానికి ఎప్పటికీ ఈరోజు. నీ షాపులో క్యాలెండరు చించడం మానేసి, రోజూ దాన్నే చూసి తేదీ చెప్పినట్టు అంది. వాచ్‌మన్ రోజూ స్విచ్చి కట్టేసినన్నాళ్ళూ తప్పు బయటపడలేదు. ఆపడం మానేశాక కొత్త సర్వీసులు లిస్టులోకి రావడం ఆగిపోయింది. ఫోన్ ఫిర్యాదులకి తేదీతో పనిలేదు కాబట్టి అవి వస్తూనే ఉన్నాయి, పేజీ ఖాళీగా కనపడలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. విచారణ రోజు పెద్దవాళ్ళు వస్తున్నారని సర్వరు ఆపి నడిపించారు. తేదీ సరైపోయింది. అన్నయ్య ఫోనులో యాభై రెండు రోజులు లేని లిఫ్టు ఆ పొద్దున తెర మీదికి వచ్చింది. మిగతా మెకానిక్కుల లిస్టుల్లోనూ ఎర్ర వరసలు వచ్చే ఉంటాయి. ప్రతివాడూ అది తన మరుపే అనుకుని భయపడి, గుట్టుచప్పుడు కాకుండా వెళ్ళి పని ముగించుకుని నోరు మూసుకున్నాడు.

ఆ లైను ఎవరు మార్చారో, ప్రోగ్రాములో చేసిన మార్పులన్నీ నమోదయ్యే చరిత్రలో ఉంది. ముందు అది సరైన చోటే ఉండేది, ఏడు లైన్లుగా. మేనేజరు దాన్ని పైకి జరిపి, ఏడు లైన్లని ఒక్క లైనుకి కుదించాను అని గొప్పగా రాసుకున్నాడు, పేరూ తేదీతో సహా. వదిన అది చదివి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది.

బయటికొచ్చేసరికి మేనేజరు బోర్డు మీద ఎనభై తొమ్మిది వేస్తున్నాడు. ఎనభై తొమ్మిది రోజులుగా లిస్టు గుడ్డిదన్నమాట. పై వారం శనివారం ఏడాది సమీక్ష ఉంది. యజమానురాలు, ఇన్‌స్పెక్టరు, బిల్డింగుల సెక్రటరీలు అందరూ వస్తారు. అలవాటు ప్రకారం ఆ పొద్దున మేనేజరు సర్వరు ఆపి నడిపించాడో, సాక్ష్యం మళ్ళీ గాలికి పోతుంది. వదిన అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టి, తేనె పూసిన గొంతుతో, సార్, సరిగ్గా మీటింగు రోజుకి వంద పడుతుంది కదండీ అంది. ఆయన మొహం చాటంతయింది. ఆ క్షణం నుంచి సర్వరు జోలికి ఎవరూ వెళ్ళకూడదని హుకుం జారీ చేశాడు.

ఇదంతా ఆ సాయంత్రం అన్నయ్యకి చెబుతుంటే నేనూ అక్కడే ఉన్నాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఆయన మొత్తం విని, "ఇప్పుడు గడువు దాటినవి ఎన్ని?" అన్నాడు.

తేదీలన్నీ నేరుగా లెక్కకట్టి చూసింది వదిన. ముప్ఫై ఎనిమిది. చెప్పింది. అన్నయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు.

వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది. "మీ వాళ్ళలో ఒక్కడు నోరు జారినా చాలు, ఆ మేనేజరు సర్వరు ఆపి నడిపిస్తాడు. అంతా సరిగ్గా కనిపిస్తుంది. మీరు మళ్ళీ అబద్ధాలకోరే. పదకొండు రోజులండీ. రెండేళ్ళు ఆగాం, పదకొండు రోజులు ఆగలేరా?"

"ఆ రోజు విరిగింది నాకు తెలియక" అన్నాడు అన్నయ్య. "ఇప్పుడు తెలిసి ఇంట్లో కూర్చుంటే, ఈసారి విరిగేది నా వల్లే. తప్పుకో."

దాచడం దేనికి, నేను వదిన వైపే ఉన్నాను. మేనేజర్ని ఆ తెర ముందు నిలబెట్టి చూడాలని నాకెంత ఉబలాటంగా ఉందంటే, ముప్ఫై ఎనిమిది లిఫ్టుల్లో మనుషులున్నారన్న ఆలోచనే రాలేదు. అన్నయ్య వదినని పక్కకి జరిపి వెళ్ళిపోయాడు.

వెళ్ళింది గ్రీజు బాబాయి దగ్గరికి. ఆయన కంపెనీలో అందరికన్నా పాత మెకానిక్కు, అన్నయ్యకి పని నేర్పినవాడు. విషయం విన్నాక ఆయన, విచారణ రోజు తన ఫోనులో కూడా ఏడు ఎర్ర వరసలు ఒక్కసారిగా వచ్చాయని, తన ముసలి బుర్ర మతిమరుపే అనుకుని ఎవరికీ చెప్పుకోలేదని అప్పుడు ఒప్పుకున్నాడు. నమ్మకమైన నలుగుర్ని పోగేశాడు. ఆరు రోజుల్లో ముప్ఫై ఎనిమిది లిఫ్టులూ చూసేశారు. ఆ తర్వాత గడువు వచ్చినవి వచ్చినట్టు చూస్తూ పోయారు. అన్నయ్యకి లైసెన్సు లేదు కాబట్టి దేని మీదా చెయ్యి వేయలేదు, టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ప్రతి మెషిన్ రూములో వేలాడే రిజిస్టరులో తేదీ వేసి సంతకాలు చేశారు, కంప్యూటరులో మాత్రం ఎక్కించలేదు. రెండు లిఫ్టులకి లైనింగు కాయితంలా అరిగిపోయి ఉందట. ఆ రెండింటి మాట వినేసరికి వదిన మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా నోరు విప్పి, మీరు చేసిందే సరైందని మొగుడితో అనలేదు. అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు.

శనివారం వచ్చింది. రిజిస్టర్ల ఫోటోలు, మేనేజరు రాసుకున్న గొప్పల పేజీ, అన్నీ కలిపి పన్నెండు కట్టలు నా షాపులోనే తీసి పిన్ను కొట్టాను. కాయితాలు మోసుకుని నేనే వెళ్ళాను. ఇచ్చేసి గుమ్మం పక్కన నిలబడ్డాను, పొమ్మన్నవాళ్ళు లేరు. మేనేజరు అరగంటసేపు వంద గురించి మాట్లాడాడు. బోర్డుని గదిలోకి తెప్పించి గోడకి ఆనించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, గట్టిగానే.

వదిన లేచి, ఇవాళ్టి లిస్టు ఒకసారి చూపించమని వినయంగా అడిగింది. ఆయన సంబరంగా తెరిచాడు. పంతొమ్మిది వరసలు, అన్నీ ఫోన్ ఫిర్యాదులే, ఎరుపన్నదే లేదు. ఏడాది సర్వీసులన్నీ సకాలంలో పూర్తయ్యాయని దీని అర్థం అని ఆయన ఇన్‌స్పెక్టరుకి వివరించాడు. ఇన్‌స్పెక్టరు తలూపాడు.

"సర్వరు ఆపి నడిపిస్తే ఈ లిస్టులో ఏమైనా మారుతుందా సార్?" అంది వదిన.

"ఎందుకు మారుతుందమ్మా? సమాచారం ఎక్కడికి పోతుంది?"

ఆ మాట మినిట్స్‌లో రాసుకోమని వదిన పక్కనున్న గుమాస్తాకి చెప్పింది. ఆయన రాసుకున్నాడు. రాసేదాకా ఆగి, అయితే ఒకసారి చేసి చూపించండి సార్ అంది. మేనేజరు నీళ్ళు నమిలాడు. భయపడి కాదు, ఆయన బాధంతా ఆ వంద గురించి. వంద అయిపోయింది కదయ్యా, నడిపించు అన్నారు యజమానురాలు. ఆయన లోపలికి వెళ్ళి నడిపించి వచ్చి, పేజీ తెరిచాడు.

ఎర్రబారిపోయింది తెర. మొదటి పేజీ నిండా ఎరుపే. పేజీ తిప్పితే రెండోదీ ఎరుపే. మొత్తం నలభై మూడు. అన్నిటికన్నా పైనున్న దాని ఆలస్యం తొంభై తొమ్మిది రోజులు. బోర్డు మీది వంద పక్కనే ఉంది, ఎవరైనా కలిపి చూసుకోవచ్చు. మేనేజరు మెడ మీంచి చెమట కాలర్లోకి దిగడం నేను చూశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. దాహంతో ఉన్నవాడికి చన్నీళ్ళు ఇచ్చినట్టుంది.

"రెండేళ్ళ కిందట విచారణ రోజు కూడా ముందు ఇలాగే ఆపి నడిపించి, తర్వాతే లిస్టు చూపించారు కదండీ?" అంది వదిన. గొంతు పెంచలేదు.

ఆయన అటూ ఇటూ చూశాడు. "ఇలా అవుతుందని నాకు తెలియదు."

"నా లిస్టులో రాలేదు, నాకు తెలియదు అని నా మొగుడూ అన్నాడు. మీరు నమ్మారా?"

అప్పుడు చూశాడు ఆవిడ మొహంలోకి. ఏడు నెలలు పొద్దున్నే నమస్కారం పెట్టిన మనిషి ఎవరో అప్పుడు తెలిసింది. ఇన్‌స్పెక్టరు కంగారుగా ఈ నలభై మూడింటి సంగతేమిటని లేచాడు. వదిన కాయితాలు పంచి, అన్నీ చూసేశారు, రిజిస్టర్లలో సంతకాలున్నాయి, మీరు సస్పెండ్ చేసిన మనిషే చూడమని పంపాడు అంది. యజమానురాలు మేనేజరు రాసుకున్న ఏడు లైన్ల మాట రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

మేనేజరు ఉద్యోగం నెలాఖరుకి ఊడింది. అన్నయ్య లైసెన్సు తిరిగొచ్చింది, పిలిచి పని ఇచ్చారు. ఇంకొకళ్ళయితే అక్కడితో సరిపెట్టుకునేవాళ్ళు. వదిన సరిపెట్టుకోలేదు. ఆ అయిదంతస్తుల బిల్డింగు కింద, అందరి ముందూ, తప్పు నాది, ఆ లిఫ్టు మెకానిక్కు లిస్టులో రాలేదు, అతను చెప్పింది నిజం అని మేనేజరు తన చేత్తో రాసి చదవాలంది. అలా చదివితేనే అనుభవపత్రం ఇస్తామన్నారు యజమానురాలు. ఆదివారం పొద్దున్న వచ్చాడు. సెక్రటరీ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. తుంటి విరిగిన పెద్దావిడ చేతికర్రతో వచ్చి కుర్చీలో కూర్చుని విన్నారు. చదవడం అయ్యేసరికి రెండో అంతస్తువాళ్ళు ఆలస్యంగా దిగారు. వాళ్ళకి వినపడలేదు, మళ్ళీ చదవండి అంది వదిన. మళ్ళీ చదివాడు. పెద్దావిడ అన్నయ్యని దగ్గరికి పిలిచి చెయ్యి పట్టుకున్నారు.

ఇంటికొచ్చాం. నేను టీ పెట్టాను. వదిన కాళ్ళు చాపుకుని, మేనేజరు గొంతు ఎక్కడెక్కడ వణికిందో ఒక్కొక్కటే తలుచుకుని నవ్వుతోంది. నేనూ అందుకుని అనుకరించి చూపిస్తున్నాను. అన్నయ్య నవ్వలేదు. కప్పు చేతిలో పట్టుకుని, ఏదో మామూలు సంగతి అడిగినట్టే అడిగాడు.

"వాళ్ళ సంగతి సరే. నా మాట నువ్వు ఎప్పుడు నమ్మావు?"

మొదట్నుంచీ అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. మా వదినకి అబద్ధం రాదు. నవ్వు ఆగిపోయింది. "జ్వరం తగ్గి ఆఫీసుకెళ్ళిన మంగళవారం" అంది.

అంటే పద్నాలుగు నెలల చదువూ, ఏడు నెలల నమస్కారాలూ మొగుడి నిజాయితీ రుజువు చేయడానికి కాదు, ఉందో లేదో తెలుసుకోవడానికి. అన్నయ్య నా వైపు తిరిగాడు. నేను తప్పించుకోలేకపోయాను. వదిన వచ్చి చెప్పిన సాయంత్రం అన్నాను. రెండేళ్ళపాటు రోజూ ఆయన పక్కన కూర్చుని, నువ్వు అలాంటివాడివి కాదు అన్నయ్యా అని ధైర్యం చెప్పింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

అన్నయ్యకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. టీ కప్పు కింద పెట్టి, తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నేనూ ఆ సాయంత్రమే" అన్నాడు.

వదిన ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నాతో అంది.

"వాణ్ణి రెండుసార్లే చదివించి వదిలేశానే."